మేము నవ్వుతూ విన్న రికార్డు

ఆ రికార్డును నేను ఒక చర్చి వాళ్ళు నడిపే పాత సామాన్ల షాపులో కొన్నాను. అమెరికాలో క్యారీ అనే ఊరు దాటి ఇంకో అరగంట పోతే వచ్చే ఊరు మాది. ఒకప్పుడు అంతా పొగాకు పొలాలట. ఇప్పుడు ఒకే రంగు ఇళ్ళు, ఒకే ఎత్తు చెట్లు. శనివారం పొద్దున మా అమ్మాయిని టెన్నిస్ క్లాసులో దింపి, ఆ గంటంబావు ఆ షాపులో రికార్డుల అట్టపెట్టెల ముందు నేలమీద కూర్చోవడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. మందుల కంపెనీలో ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం నాది. వారమంతా పట్టికలు చూసి అలసిన మనసుకు, ఎవరూ వినని పాట ఒకటి దొరికితే పండగ.

నేను వెతికే రికార్డులు అన్నిచోట్లా దొరికేవి కావు. ఒకప్పుడు ఇక్కడి పత్రికల చివరి పేజీల్లో చిన్న ప్రకటనలు వచ్చేవి. మీ కవిత పంపండి, దాన్ని పాట చేసి రికార్డు వేస్తాం అని. ఎక్కడో పల్లెలో ఉన్న గృహిణో, లారీ డ్రైవరో ఆశపడి, డబ్బు కట్టి, నాలుగు ముక్కలు రాసి పంపేవారు. స్టూడియోలో కూలికి పాడే గాయకుడు ఆ కాగితాన్ని అప్పుడే మొదటిసారి చూస్తూ, ఏదో ఒక బాణీలో పాడేసి తర్వాతి కాగితం అందుకునేవాడు. రాసినవాళ్ళకు కొన్ని కాపీలు పోస్టులో వచ్చేవి. అవి ఏ రేడియోలోనూ రావు, ఏ షాపులోనూ ఉండవు. సాంగ్ పోయెమ్ అంటారు వాటిని. మాలాంటి కలెక్టర్లకు అవి ప్రాణం. నిజం చెప్పాలంటే, ఎక్కువగా నవ్వుకోవడానికే ప్రాణం. పెంపుడు కుక్క మీద శోకగీతం, పళ్ళ డాక్టరు మీద ప్రేమగీతం, అలాంటివి.

ఆ రోజు భక్తిగీతాల ఆల్బమ్‌ల మధ్య నుంచి చిన్న సైజు రికార్డు ఒకటి జారి నా ఒళ్ళో పడింది. లేబుల్ మీద పాట పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో రాసినామె పేరు ఉన్నాయి. ఆ పేరు ఇక్కడ రాయను. ఇంటికొచ్చి ప్లేయర్ మీద పెట్టాను. బాంజో, చప్పట్లు, పిక్నిక్‌కు వెళ్తున్నంత హుషారైన బాణీ. గాయకుడు మహా ఉత్సాహంగా పాడుతున్నాడు. పాటలో ఉన్న మాటలు తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇవి:

మా ఇంటి వెనక ఊట, చల్లని చక్కని ఊట. మునిమాపు వేళ లారీలొచ్చి గట్టు మీద గోతులు తీశాయి. కప్పలు పాడటం మానేశాయి. మూడు దూడలు నీళ్ళకు వెళ్ళాయి, మూడు దూడలూ అక్కడే పడుకున్నాయి. ఆ నీళ్ళు తాగకండి, ఆ నీళ్ళు తాగకండి, నా మాట ఎవరైనా వినండి!

ప్రతి "తాగకండి" తర్వాతా రెండు చప్పట్లు. దూడలు చచ్చిపోతుంటే వెనక అమ్మాయిల గుంపు "లాలాలా" అంటోంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నెలనెలా జరిగే మా కలెక్టర్ల సమావేశానికి ఈసారి నా రికార్డే హిట్ అనుకున్నాను.

ఆ సమావేశం ఒక రిటైరైన పోస్ట్‌మాన్ గారి గరాజ్‌లో, మధ్యాహ్నం రెండింటికి. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. నాలుగు గోడల నిండా రికార్డులే. మేము ఆరుగురం వస్తాం, ఒక్కొక్కరం ఒక్కో రికార్డు తెస్తాం. నేను తప్ప మిగతావాళ్ళంతా ఇక్కడివాళ్ళే. హైస్కూల్లో బ్యాండ్ నేర్పే టీచర్ ఒకాయన మా రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో కలెక్టర్లకు పంచుతుంటాడు.

నా వంతు వచ్చింది. పాట మొదలైంది. నేననుకున్నట్టే రెండో లైనుకే నవ్వులు. బ్యాండ్ టీచర్ చప్పట్లకు చప్పట్లు కలిపాడు. దూడల దగ్గరికి వచ్చేసరికి ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మళ్ళీ పెట్టండి, మళ్ళీ!" అని అరిచారు.

పోస్ట్‌మాన్ గారు లేచి ప్లేయర్ ముల్లు ఎత్తేశారు. ఆయన నవ్వడం లేదని అప్పుడు గమనించాను.

"ఆ లేబుల్ ఒకసారి చూపించండి" అన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, రాసినామె పేరు చదివి, రికార్డును రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఈవిడకు నేను ఉత్తరాలు ఇచ్చేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో. యాభై ఏళ్ళ పైమాటే."

"ఎక్కడుండేది?" అని అడిగాను.

ఆయన ఒక రోడ్డు పేరు చెప్పారు. మాలో ఎవరం ఆ పేరు వినలేదు.

"ఆ పేరు మార్చేశారు. మీ ఇళ్ళు కట్టినప్పుడు" అని నా వైపు చూశారు. "మీ ఇళ్ళ వెనక సన్నగా పారుతుందే, ఆ వాగు. అది ఈవిడ ఊట నుంచి వచ్చేదే."

ఎవరూ మళ్ళీ పెట్టమనలేదు.

ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చినంతసేపూ ఒకటే ఆలోచన. మేము తాగేది టౌన్ పైపు నీళ్ళు, ఫరవాలేదు. కానీ అత్తయ్య ఉన్నారు. మా ఆయన తల్లి ఏప్రిల్‌లో విజయవాడ నుంచి వచ్చారు. వచ్చిన వారానికే పెరట్లో గోంగూర, బచ్చలి, బెండ వేశారు. ఆ ఏడు వానలు లేక తోటలకు నీళ్ళు పెట్టడం మీద టౌన్ వాళ్ళు ఆంక్షలు పెడితే, ఆవిడ నీలం బకెట్టు పట్టుకుని కంచె దాటి వాగు నుంచి నీళ్ళు ముంచి తెచ్చేవారు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ ఓపిక చూసి నేనే ఫోటో తీసి బంధువులందరికీ పంపాను.

నేను కారు దిగి నేరుగా పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ బెండ మొదళ్ళకు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు.

"అత్తయ్యా, వాగు నీళ్ళు ఎప్పట్నుంచి పోస్తున్నారు?"

"ఎండలు ముదిరినప్పట్నుంచీ. ఏం, వాగులో నీళ్ళు ముంచుకున్నా ఫైన్ వేస్తారా ఇక్కడ?"

"అది కాదు. అక్కడ కప్పలేమైనా కనిపించాయా?"

ఆవిడ చెంబు పక్కన పెట్టి ఆలోచించారు. "కప్పలా? అదేంటో, ఒక్కటీ లేదే. చేపపిల్లలూ లేవు. ఆఖరికి దోమ కూడా లేదు. ఈ దేశంలో అన్నీ క్లీన్‌గా ఉంటాయి కదా అనుకున్నా."

ఆ సాయంత్రం భోజనంలో గోంగూర పప్పు. మా అమ్మాయి రెండోసారి వడ్డించుకోబోతుంటే గిన్నె లాగేశాను. అందరూ నా వైపు చూశారు. పాడైనట్టుందని ఏదో చెప్పి, పప్పు తీసుకెళ్ళి చెత్తలో పోశాను.

వంటింట్లో మా ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఒక జోక్ రికార్డు విని పప్పు పారబోస్తావా? సైన్స్ చదువుకున్నదానివి."

"కప్పలు లేవంటున్నారు అత్తయ్య."

"డ్రౌట్ కదా. కప్పలెందుకు ఉంటాయి? ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయించాం. అన్నీ క్లియర్."

"ఇంటికి చేయించాం. వాగుకు చేయించామా?"

ఆ రాత్రి పడుకునేముందు ఆయన పెరటి తలుపు గడియ వేసి, తాళం కూడా వేయడం చూశాను.

మర్నాడు ఆదివారం పోస్ట్‌మాన్ గారు ఫోన్ చేసి మా ఇంటికి వచ్చారు. ఇద్దరం వాగు వెంట నడిచాం. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, ముళ్ళపొదల వెనక, గట్టు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. పిల్లలు చలికాలంలో మంచు పడితే జారుడాట ఆడేది అక్కడే. ఆయన అక్కడ ఆగిపోయారు.

"ఇల్లు అదిగో, అక్కడుండేది. ఊట ఇక్కడ. మీకు నిన్న ఒక విషయం చెప్పలేదు" అన్నారు. "ఆ రికార్డుల పార్సిల్ ఆమెకు ఇచ్చింది నేనే. తీసుకుని చాలా సంబరపడింది. కానీ ఆమె దగ్గర ప్లేయర్ లేదు. మర్నాడు నా సొంత ప్లేయర్ జీపులో పెట్టుకుని తెచ్చాను. వరండాలో కూర్చుని విన్నాం."

"ఏమంది?"

"పాట అయిపోయాక, వీడెందుకు ఇంత సంతోషంగా ఉన్నాడు అని నన్ను అడిగింది. లారీల సంగతి ఎంతమందికో ఉత్తరాలు రాసిందట. ఆ ఉత్తరాలు తీసుకెళ్ళిందీ నేనే. ఒక్కదానికీ జవాబు తేలేదు. ఉత్తరం అయితే పారేస్తారు, పాట అయితే వింటారు కదా అనుకుని పంపిందట. ఆ కాపీలు చర్చిలో పంచింది. రేడియో స్టేషన్‌కు ఒకటి ఇచ్చింది. నాకూ ఒకటి ఇచ్చింది."

"మీ దగ్గర ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇంటికి తీసుకెళ్ళి మా తమ్ముడికి వినిపించాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత ఎక్కడ పడేశానో గుర్తులేదు. రెండేళ్ళకు ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఏదో జబ్బు అన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు."

నేను ఆయన మొహం చూడలేకపోయాను. నేనూ నవ్వినదాన్నే. ఆ ఉబ్బెత్తు గట్టు మీద గడ్డి ఒక్కచోట మాత్రం మొలవలేదని అప్పుడు కనిపించింది. సుమారు ఒక మంచం అంత మేర. ఇన్నేళ్ళుగా పిల్లలు తొక్కి తొక్కి అలా అయిందనుకున్నాం.

సోమవారం ఆఫీస్‌కి సెలవు పెట్టి, ఒక ప్రైవేట్ ల్యాబ్ నుంచి సీసాలు తెచ్చి, వాగు నీళ్ళు, పెరటి మట్టి నింపి పంపాను. మూడు వారాలు పడుతుందన్నారు. ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో చెప్పలేను. అత్తయ్య దగ్గినా, అమ్మాయి తలనొప్పి అన్నా లేచి దగ్గరికి పరుగెత్తేదాన్ని.

అత్తయ్యకు దాచలేక రెండో రోజే చెప్పేశాను. ఆవిడ ముందు ఆ పాట వినిపించమన్నారు. ప్లేయర్ పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంగ్లీషు పాట ఆవిడకు అర్థం కాదు. మా అమ్మాయి ఆపి ఆపి చెప్పింది, తనకు వచ్చిన తెలుగులో.

"నానమ్మా, త్రీ కౌ బేబీస్ వాటర్ తాగింది. దెన్ చచ్చిపోయింది. డోంట్ డ్రింక్ అని చెప్తుంది ఆమె."

"మరి నవ్వుతూ పాడతాడేంటే వాడు?"

"వాడికి ఏం తెలీదు నానమ్మా. జస్ట్ పేపర్ చూసి పాడాడు."

అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్ళి గోంగూర, బచ్చలి, బెండ, ఒక్కటీ మిగల్చకుండా వేళ్ళతో సహా పీకి నల్ల సంచుల్లో నింపారు. నేను సాయం చేయబోతే వద్దన్నారు. "నా చేత్తో వేశాను, నేనే తీస్తాను. ఆవిడ అంత మొత్తుకుంటే ఒక్కరూ వినలేదంటే ఎలాంటి మనుషులమ్మా!"

ఈలోపు బ్యాండ్ టీచర్ ఆ పాటను ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఈసారి నవ్వుకోవడానికి కాదు. రాసినామె గురించి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పమని, కింద మా వీధి వివరం కూడా రాశాడు. రెండు రోజుల్లో అది మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. మా వీధి చివర ఉండే ఒక తెలుగావిడ, ప్రతి దీపావళికీ కలిసి వంట చేసుకునే స్నేహితురాలు, ఫోన్ చేసింది.

"ఆ పాట మీరే తెచ్చారంట కదా. కొంచెం తీసేయమని చెప్పండి ప్లీజ్."

"టెస్ట్ రిజల్ట్స్ రానీయండి. ఏమీ లేకపోతే నేనే తీయిస్తాను."

"ఏమైనా ఉంటే మాత్రం? మా ఆయన జాబ్ చాండ్లర్‌కి మారుతోంది. నెక్స్ట్ మంత్ ఇల్లు అమ్మకానికి లిస్ట్ చేస్తున్నాం. మీ హాబీ కోసం మా ఇల్లు అమ్ముడుపోకపోతే ఎలా చెప్పండి?"

"కొనుక్కునేవాళ్ళకు కూడా పిల్లలుంటారు కదండీ."

"మీ ఇంట్లో గోంగూర మేమూ తెచ్చుకున్నాం. నాలుగైదు సార్లు" అంది ఉన్నట్టుండి. అంతకుముందు ఆ సంగతి తనకు తట్టలేదనుకుంటాను. నాకూ తట్టలేదు. ఫోన్ పెట్టేసింది.

రిజల్ట్స్ ఒక మంగళవారం పొద్దున ఈమెయిల్‌లో వచ్చాయి. లోహాలు శుభ్రం చేసే ద్రావకాలు, పేర్లు నేను ఆఫీసులో చూసినవే, వాగు నీళ్ళలో ఉన్నాయి. ఉండకూడనంత ఉన్నాయి. మట్టిలో తక్కువ. మా ఆయన ఆ పట్టిక రెండుసార్లు చదివి, నన్ను ఏమీ అనకుండా కౌంటీ ఆఫీసుకు ఆయనే ఫోన్ చేశారు.

తర్వాత అంతా వేగంగా జరిగింది. తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు వచ్చారు. ఉబ్బెత్తు గట్టు చుట్టూ కంచె కట్టారు. యంత్రంతో తవ్వితే రెండో రోజుకే తుప్పు పట్టిన పీపాలు బయటపడ్డాయి. కొన్ని చిల్లులు పడి ఎప్పుడో ఖాళీ అయ్యాయి. కొన్నింటిలో ఆ ద్రావకం ఇంకా ఉంది. ఆ పీపాలు పంపిన ఫ్యాక్టరీ ఏదో, ఎప్పుడు మూతపడిందో తేల్చడానికి ఇప్పటికీ వెతుకుతున్నారు. మా అందరికీ రక్తపరీక్షలు చేశారు. ప్రస్తుతానికి ఏమీ కనిపించలేదు అన్నారు డాక్టరు. ఆ "ప్రస్తుతానికి" అనే మాట దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరు ఏడాదికోసారి చూపించుకోమన్నారు. అత్తయ్య ఆ రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకుని అక్టోబరులో విజయవాడ వెళ్ళారు. స్నేహితురాలు ఇల్లు అమ్మకం ఆపేసింది. భర్త ఒక్కడే చాండ్లర్ వెళ్ళాడు. ఆమె నాతో మాట్లాడుతుంది కానీ మునుపటిలా కాదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. నవంబరులో బ్యాండ్ టీచర్‌కు ఒక ఈమెయిల్ వచ్చింది. జెర్సీ సిటీలో ఉండే ఒక కలెక్టర్, మాకు ముక్కూమొహం తెలియని మనిషి, రాశాడు. "అదే రచయిత్రి పేరుతో నా దగ్గర ఇంకో రికార్డు ఉంది. మీరు విన్నది కాదు, వేరే పాట. కావాలంటే పంపుతాను."

ఆమె మళ్ళీ డబ్బు కట్టిందన్నమాట. మళ్ళీ రాసిందన్నమాట.

రికార్డు వచ్చిన శనివారం గరాజ్‌లో ఆరుగురమూ చేరాం. ఎవరూ కాఫీ కూడా పోసుకోలేదు. పోస్ట్‌మాన్ గారు రికార్డు నా చేతికిచ్చారు, ముల్లు నేనే పెట్టాను. ఈసారి వేరే గాయకుడు, నెమ్మదైన ఆర్గన్. చప్పట్లు లేవు. మొదటి పాట బాణీ ఆమెను ఎంత బాధపెట్టిందో, ఈసారి నెమ్మదిగా పాడమని రాసి పంపిందేమో అనిపించింది. మాటలు చాలా తక్కువ. ఆ లారీలు నా ఒక్కదాని దగ్గరికే రాలేదు, వాటి వెనకే వెళ్ళి చూశాను అంటుంది. పాత బడి వెనక పల్లంలో ఒక గొయ్యి. మిల్లు కాలవ వంపులో ఒకటి. అక్క పొలంలో ఒకటి. నేను చెప్పాను, నేను చెప్పాను, ఇక మీ ఇష్టం. అంతే పాట.

పోస్ట్‌మాన్ గారు కాగితం తీసుకుని మూడూ రాశారు. సోమవారం మేమిద్దరం ప్లేయరుతో సహా కౌంటీ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ఆఫీసరు, ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, తలుపు వేసి పాట మొత్తం విన్నది. ఒక్కసారి కూడా నవ్వలేదు. పాత మ్యాపులు తెప్పించింది.

మిల్లు కాలవ వంపు ఇప్పుడొక పార్కింగ్ స్థలం. తవ్వారు, ఏమీ దొరకలేదు. ఎప్పుడో తీసేసి ఉండొచ్చన్నారు. పాత బడి వెనక పల్లంలో పిల్లల పార్కు ఉంది. ఉయ్యాలల కింద ఆరడుగుల లోతున పదకొండు పీపాలు దొరికాయి. ఆ పార్కులో మా అమ్మాయి నాలుగో పుట్టినరోజు చేశాం.

మిగిలింది అక్క పొలం. అది ఎవరి అక్కో తెలియదు. పాట రాసినామెకు సొంత అక్క లేదని పాత కౌంటీ కాగితాల్లో తేలింది. ఆ రోజుల్లో చర్చిలో పెద్దవయసు ఆడవాళ్ళందరినీ అలాగే పిలిచేవారట. కౌంటీ వాళ్ళు వివరం తెలిస్తే చెప్పమని ఫైలు తెరిచి ఉంచారు.

ఆ అక్క ఎవరో గుర్తుకొస్తుందేమోనని పోస్ట్‌మాన్ గారు ఒక నోటుబుక్కు కొన్నారు. తను తిరిగిన దారిలో ఒక్కో పోస్టుబాక్సు, దాని మీది పేరు, ఇంటి ముందు చెట్టు, గుర్తొచ్చినంతవరకూ వరసగా రాస్తున్నారు. ఇప్పుడు శనివారాలు రికార్డుల షాపుకు వెళ్ళడం మానేశాను. ఆయన్ని కారులో ఎక్కించుకుని ఆ దారుల్లో తిప్పుతున్నాను. చాలాచోట్ల దారే లేదు. పైన్ చెట్లు కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, మా ఇంటిలాంటివే ఇళ్ళు కడుతున్నారు. మోడల్ హోమ్ ముందు బెలూన్లు, చిన్నపిల్లల్ని ఎత్తుకుని లోపలికి వెళ్తున్న జంటలు. ఆయన అద్దం దించి ఆ మట్టిని చాలాసేపు చూస్తారు.

"ఇదా?" అని అడుగుతాను.

"తెలియదు" అంటారు. "ముందుకు పోనివ్వండి."